కాగితం పువ్వు ఎవరిది?

దామరచర్లలో ఇళ్ళ గోడల మీద కాగితం పూలు చూసినప్పుడల్లా ఒక స్త్రీ గుర్తుకొస్తుంది. ఊరి పేరులోని దామర మన తామరే, ఈ నేలదే. కాగితం పువ్వు మాత్రం దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చుట్టం. దాని శాస్త్రీయ నామం బోగన్‌విల్లియా. బోగన్‌విల్ ఫ్రెంచి నౌకాయాత్రకు నాయకుడు, అంతే. మొక్కలు ఏరడం ఆయన పని కాదు.

ఆ పని వృక్షశాస్త్రజ్ఞుడు కొమెర్సోన్‌ది, ఆయన సహాయకుడిది. 1767లో రియో డి జనీరోలో ఈ తీగ వారి కంటబడింది. ఆ సహాయకుడు నిజానికి జాన్ బారే అనే స్త్రీ. ఫ్రెంచి నౌకాదళపు ఓడల్లో స్త్రీలకు ప్రవేశం లేదు గనుక మగవేషం వేసింది. మాగెల్లాన్ జలసంధి మంచు కొండల్లో ఆహారం, ఆయుధాలు, మొక్కల కట్టలు ఆమే మోసిందనీ, అందుకు ఆమెను బరువులు మోసే పశువన్నారనీ బోగన్‌వీలే రాశాడు. కాలి జబ్బుతో బాధపడుతున్న కొమెర్సోన్ కాక, ఆమే ఈ తీగను మొదట కోసి ఉంటుందని కొందరి ఊహ. రుజువు లేదు. అయినా నాకు నమ్మబుద్ధవుతుంది!

భూమిని చుట్టివచ్చిన తొలి మహిళగా నేడు ఆమెను లెక్కిస్తున్నారు. 1785లో ఏటా 200 లీవ్రుల పింఛను దక్కింది. కొమెర్సోన్ పేరున 70కి పైగా జాతులున్నాయి. ఆయన ఆమె పేరు పెట్టిన మొక్కకు ఆ పేరు నిలవలేదు. చివరకు 2012లో, మన వంకాయ కుటుంబపు మొక్క ఒకదానికి సొలానమ్ బారేటియే అని పేరు పెట్టారు.

ఇదంతా స్త్రీ అయినందుకే అంటే సగమే చెప్పినట్టు. అదే కాలంలో, 1776లో కలకత్తాలో మరణించిన లేడీ ఆన్ మాన్సన్ కూడా మొక్కలు సేకరించినావిడే. ఆవిడ రాజవంశపు వారసురాలు. బతికుండగానే లినేయస్ ఒక ప్రజాతికి మాన్సోనియా అని పేరు పెట్టాడు. బారే కూలివాని కూతురు.

మన దగ్గరా ఇంతే. సామర్లకోటలో ఉండి మొక్కలు వర్ణించిన రాక్స్‌బర్గ్ వాటి తెలుగు పేర్లు శ్రద్ధగా రాసుకున్నాడు. ఆయనకు ఋణపడే ఉన్నాం. అలా మన సోమిద చెట్టు సోయ్‌మిడాగా లాటినులోకి ఎక్కింది. ఆ పేరు ఆయనకు చెప్పిన నోరు ఎవరిదో, అడవికి పోయి ఆకులలమలు తెచ్చే ఏ ఆడమనిషిదో, ఆ లాటిను పేరులో లేదు.