దుఃఖానికి కుల సర్టిఫికెట్ అడుగుదామా?



ఈసారి సినిమా గురించి రాస్తున్నా. 2025 నవంబర్ 7న వచ్చిన 'ది గర్ల్‌ఫ్రెండ్' మీద మన గ్రూపుల్లో చాలా కొట్లాట జరిగింది. నేను అప్పుడు ఏమీ అనలేదు. ఆ మౌనం ఎందుకో ఇప్పుడు చెప్పాలి.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ. రాహుల్ రవీంద్రన్ తీసిన సినిమా. భూమ (రష్మిక) ఎంఏ ఇంగ్లీష్ చదువుకోవడానికి వస్తుంది. విక్రమ్ (దీక్షిత్ శెట్టి) ప్రేమ పేరుతో ఆమె టైమునీ, స్నేహాలనీ, చదువునీ తన చేతిలోకి తీసుకుంటాడు. తండ్రి (రావు రమేష్) అదే పని పెంపకం పేరుతో చేస్తాడు. విక్రమ్ తల్లిగా రోహిణి కనిపించేది కొద్దిసేపే. ఆమె నోట్లోంచి మాట రాదు. భూమ ఆమెను చూస్తుంది, రేపటి తనను చూసుకున్నట్టు.

మా క్లాసులో దీని గురించి మాట్లాడుకున్నాం. మగపిల్లలు చాలామంది 'ఇది మగోళ్ల మీద పగతో తీసినారు సార్' అన్నారు. వాళ్లకు ఒకటే గుర్తు చేసినా. 2017లో అర్జున్ రెడ్డి ఆ పిల్లని అడక్కుండానే ముద్దు పెట్టుకుంటే థియేటర్లో విజిళ్లు పడ్డాయి. అట్లాంటి ప్రవర్తననే పిల్ల వైపు నుంచి చూపిస్తే పగ ఎట్లయింది? దీని మీద ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

నన్ను ఇబ్బంది పెట్టింది మనవాళ్ల మాట. ఉద్యమంలో నాకంటే పెద్దవాడు, నేను గౌరవించే అన్న ఒకాయన ఇట్లా అన్నాడు: 'కడుపు నిండినోళ్ల బాధలు తమ్ముడూ ఇవి. మన ఆడోళ్లకు ఏడ్చే తీరిక యాడిది?' నేను తలూపినా. సినిమాలో కులం ప్రశ్న లేదు కదా, అన్న మాట న్యాయమే అనిపించింది.

మరుసటి రోజు హాస్టల్లో ఉండే మన పిల్ల ఒకామె క్లాసు అయిపోయాక నిలబడింది. 'సార్, ఆ తల్లి ఏమీ మాట్లాడకుండా నిలబడుకున్నది చూస్తే నాకు మాయమ్మ గుర్తొచ్చింది. మాదేం కడుపు నిండిన ఇల్లు కాదు సార్' అనింది. బస్సుకు టైమయిందని వెళ్లిపోయింది. నా దగ్గర జవాబు లేదు.

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినోణ్ణి. ఈ వాదన పుట్టుక నాకు తెలుసు. 1993లో 'నీలిమేఘాలు' వచ్చింది. స్త్రీవాద కవిత్వానికి అది పెద్ద మలుపు. ఇందులో మేమెక్కడ అని దళిత స్త్రీలు నిలదీశారు. జూపాక సుభద్ర కొంగు మీద కవిత రాసింది. కూలికి పోయే ఆడమనిషికి కొంగు సిగ్గు దాచే గుడ్డ ఒక్కటే కాదు, పనిముట్టు కూడా అని అందులో చూపించింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది.

అయితే ఒకటి గమనించండి. ఆ ప్రశ్న వేసింది దళిత స్త్రీలు. 'మా దుఃఖం కూడా రాయండి, మేమే రాస్తాం' అన్నారు. 'మీది దుఃఖం కాదు, నోరు మూసుకోండి' అనలేదు. మనం మగవాళ్లం ఆ ప్రశ్నను అరువు తెచ్చుకొని మన ఇంటి ఆడవాళ్ల నోళ్లే మూయిస్తున్నాం.

బాబాసాహెబ్ ఏం చేశాడు? హిందూ కోడ్ బిల్లును నీరుగార్చినందుకు 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. కారణాల్లో అదొక పెద్ద కారణం. ఆ బిల్లులో విడాకుల హక్కు ఉంది, ఆస్తి హక్కు ఉంది. మన కులాల్లో చాలాచోట్ల విడిపోవడం, మారుమనువు ఆచారంగా ముందునుంచే ఉన్నాయి. విడాకుల చట్టం ఎక్కువగా కావలసింది పై కులాల ఆడవాళ్లకే. ఆయన 'కడుపు నిండినోళ్ల బాధ' అని పక్కన పెట్టలేదు. 1942లో నాగపూర్‌లో దళిత మహిళల సదస్సులో మన ఆడవాళ్లకూ అదే చెప్పాడు: భర్తకు బానిసగా కాదు, స్నేహితురాలిగా, సమానంగా నిలబడమని.

మా సీమలో ఒక మాట ఉంది. వాన పడితే అన్నీ సర్దుకుంటాయి అని. నాయన బెంగళూరు పనికి పోయేవాడు. అమ్మ పెద్దోళ్ల ఇండ్లలో విత్తనాల చెనక్కాయలు వలిచేది. గోళ్లు పుండ్లు పడేవి. కరువు గురించి, కూలి గురించి ఎన్ని సభల్లో మాట్లాడినానో లెక్క లేదు. వాన బాగా పడిన ఏడు కూడా మా అమ్మ ముఖం అట్లే ఉండేది. ఆ సంగతి ఏ సభలోనూ చెప్పలేదు. దానికి కరువు కారణం కాదు కాబట్టి.

ఇంకొకటి. నా భార్య బీఈడీ చేసింది. పాప పుట్టినాక ఉద్యోగం మానేసింది. 'మానేసింది' అని నేను రాస్తున్నా. ఆమెను అడిగితే వేరే మాట చెబుతుందేమో. ఎనిమిదేళ్లుగా నేను అడగలేదు. ఇదీ నా మౌనానికి కారణం.

సినిమా మీద నాకూ ఫిర్యాదు ఉంది. చివర్లో భూమ అందరి ముందూ నోరు విప్పుతుంది. మన హాస్టల్ పిల్ల అట్లా నోరు విప్పితే మొదట ఆగిపోయేది చదువు. ఇంట్లో తెలిస్తే నెల తిరక్కుండా పెళ్లి. అవతల పిల్లోడిది పై కులమైతే ఊళ్లో తల్లిదండ్రులకు కూలి కూడా పుట్టదు. స్టేజీ దిగినాక ఏమైందనేది మన కథ. ఆ కథ ఇంకా ఎవరూ తీయలేదు.

తీసేదాకా ఆగొద్దు. విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, స్కాలర్‌షిప్ కోసం ధర్నా చేసినట్టే దీనికీ నిలబడదాం. 'వద్దు' అన్న పిల్లకు హాస్టల్ గది పోకూడదు, పరీక్ష పోకూడదు. వేధించినోడు మన సంఘం వాడైతే ముందు వాణ్ణి బయటికి పంపాలి. సమావేశాల్లో అక్కలకు టీ గ్లాసులు ఇచ్చి పంపడం మానేసి మైకు ఇద్దాం.

అన్నా, మీ మాటకు ఆ రోజు తలూపినా. ఈ రోజు వెనక్కి తీసుకుంటున్నా. ఆకలి ఒక్కటే దుఃఖం అని మనం తేల్చేస్తే, మన అమ్మలకు ఇంకో దుఃఖం చెప్పుకునే చోటే ఉండదు.

ఈ రాత్రి ఇంట్లో ఆ ప్రశ్న అడుగుతా. జవాబు మాత్రం ఇక్కడ రాయను. అది ఆమెది.

జై భీమ్.