ముసలి పులి, మొండి నాన్న

ఇంటిల్లిపాదీ కలిసి చూడ్డానికి ఒక సినిమా చెప్పమంటే ‘వి బాట్ ఎ జూ’ పేరే చెబుతాను. 2011లో కామెరాన్ క్రో తీశాడు. భార్య పోయాక బెంజమిన్ (మాట్ డేమన్) ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని, మూతబడ్డ జూ ఉన్న ఇంటికి మకాం మారుస్తాడు. జంతువుల సందడి కంటే నన్ను కదిలించింది ముసలి పులి స్పార్ కథ. దానికి రోజులు దగ్గరపడ్డాయని చుట్టూ ఉన్నవాళ్లు చెబుతూనే ఉంటారు, ఒప్పుకోలేనిది బెంజమినే. ఆ మొండితనమంతా భార్య మీద బెంగేనని మెల్లగా అర్థమవుతుంది. కొడుకుతో అరుచుకునే సన్నివేశం మన పక్కగదిలో జరుగుతున్నట్టే ఉంటుంది. ఇది నిజంగా జరిగిన కథ ఆధారంగా తీసిందే. కానీ నిజజీవితంలో ఇంగ్లండులోని డార్ట్‌మూర్ జూ కొన్న తర్వాతే అసలు బెంజమిన్ భార్య చనిపోయింది; సినిమా ఆ వరస మార్చడం నాకు నచ్చలేదు. అయినా చూడండి. పిల్లల ముందు కన్నీళ్లు దాచుకునే నాన్నలు మరీ ముఖ్యంగా.