629 అనే అంకెకు ఆధారమేది?

కేరళలోని కొడుంగల్లూరులో చేరమాన్ జుమా మసీదు ఉంది. జనం పెరిగి చోటు చాలక గత శతాబ్దంలో పాత కట్టడం చుట్టూ సిమెంటు హాళ్ళు, మినార్లు కట్టారు. ముజిరిస్ వారసత్వ పథకం కింద వాటిని తీసేసి, పెంకుల కప్పుతో కేరళ ఇంటిలా ఉండే పాత రూపాన్ని తిరిగి తెచ్చారు. నమాజుకు కావలసిన చోటును నేల కింద కట్టారు. మంచి పని. నమ్మకం లేని నేను కూడా మెచ్చుకుంటాను.

నా పేచీ కట్టడంతో కాదు, తేదీతో. చేరమాన్ పెరుమాళ్ అనే రాజు చంద్రుడు రెండుగా చీలడం చూశాడట. మక్కా వెళ్ళి ప్రవక్తను కలిసి మతం మారాడట. తిరుగు దారిలో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం మాలిక్ దీనార్ వచ్చి 629లో ఈ మసీదు కట్టాడట. 2016లో మన ప్రధాని సౌదీ రాజుకు దీని బంగారు పూత నమూనా బహూకరించినప్పుడు కూడా ఈ తేదీనే చెప్పారు.

కొడుంగల్లూరు నుంచి పెరుమాళ్ళు ఏలింది 9 నుంచి 12వ శతాబ్దం దాకా. పైగా శైవులు చేరమాన్ పెరుమాళ్‌ని సుందరమూర్తి నాయనార్‌తో పాటు కైలాసానికి పంపారు! ఒకే పేరు, రెండు మతాలు, రెండు మహిమలు.

ఈ అనుమానం హేతువాదుల కొత్త కల్పన కాదు. 16వ శతాబ్దంలో మలబారు ముస్లిం పండితుడు షేక్ జైనుద్దీన్ మఖ్దూమ్ తన 'తుహ్ఫతుల్ ముజాహిదీన్'లో, రాజు కథ ప్రవక్త కాలానిది కాదనీ, హిజ్రీ 200 తర్వాతది కావచ్చనీ రాశాడు. అంటే సుమారు 815 తర్వాత. భక్తుడే అడిగిన ప్రశ్నను సెక్యులర్ ప్రభుత్వాలు అడగలేకపోతున్నాయి.

ఆధారాలు లేవా? ఉన్నాయి. 849 నాటి కొల్లం రాగి శాసనంలో సాక్షుల సంతకాలు కొన్ని అరబ్బీ కూఫీ లిపిలో ఉన్నాయి. మిరియాల వ్యాపారంతో వచ్చి స్థిరపడినవాళ్ళ చరిత్ర అది. ఏ మహిమా అక్కర్లేదు.

"ఇప్పుడు ఇదెందుకు? మతతత్వవాదులకు ఆయుధం ఇచ్చినట్టు కాదా?" అని కొందరు మిత్రులు అడగొచ్చు. కాదు. ముస్లింలు ఈ దేశం వాళ్ళేనని చెప్పడానికి 629 కావాలి అన్నామంటే, పౌరహక్కు పూర్వీకులు వచ్చిన తేదీని బట్టి ఉంటుందని ఒప్పుకున్నట్టే. అసలు ప్రమాదం అదే. గుడి పురాణాలకు సాక్ష్యం అడిగే మనం మసీదు దగ్గర మొహమాటపడితే మన మాటకు విలువేముంటుంది?

దూలాలు బాగుచేశారు, సంతోషం. అక్కడ పెట్టే బోర్డు మీద 629ని "ఐతిహ్యం" అని రాస్తే పునరుద్ధరణ పూర్తయినట్టు.