ముప్పు తెలిసే ఎక్కారంటే సరిపోదు



బెంగళూరు మిరాజ్ యుద్ధవిమాన ప్రమాదంపై మీ పత్రికలో వచ్చిన ఉత్తరం చదివాను. టెస్ట్ పైలట్లు ముప్పు తెలిసే విమానం ఎక్కుతారు, ఇక విచారణల గొడవెందుకు అన్న ఆ పాఠకుడి వాదనను నేను ఒప్పుకోలేను.

2019 ఫిబ్రవరి 1న స్క్వాడ్రన్ లీడర్లు సమీర్ అబ్రోల్, సిద్ధార్థ నేగి ఎక్కింది కొత్త నమూనా విమానం కాదు. మిరాజ్‌లు 1985 నుంచీ మన వైమానిక దళంలో ఉన్నాయి. ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ ఆధునికీకరించి ఇచ్చినదాన్ని దళం చేతికి తీసుకునే ముందు సరిచూసే ప్రయాణమది. విమానం రన్‌వే చివరే కూలింది. ఇద్దరూ ఎజెక్ట్ అయినా ప్రాణాలు దక్కలేదు.

అదే నగరంలో 1970 జనవరి 10న గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ పోయారు. 1961లో మన మారుత్ జెట్‌ను తొలిసారి గాల్లోకి లేపింది ఆయనే. దాని మెరుగుపరచిన రకాన్ని పరీక్షిస్తూ కన్నుమూశారు. బెంగళూరులో ఆయన పేరిట రోడ్డుంది. దాస్ తలపడింది కొత్త యంత్రంతో. అబ్రోల్, నేగి మాత్రం ఇతరుల పనితనాన్ని నమ్మి ఎక్కారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

మా ఉయ్యాలవాడ పేరు చెప్పగానే బ్రిటిష్ వారిపై తిరగబడి 1847లో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డి గుర్తొస్తారు. వీరుల్ని తలచుకోవడం మాకెవరూ నేర్పక్కర్లేదు. కానీ వీరుల పొగడ్త చాటున లోపం ఉంటే అది మరుగున పడిపోకూడదు. ఇలాంటి ప్రమాదాల విచారణ నివేదికలు సాధారణంగా జనం దాకా రావు. రక్షణ రహస్యాలు తీసేసి, ఏది ఎందుకు విఫలమైంది, తర్వాత ఏం మార్చారు అన్నంతవరకైనా పార్లమెంటు ముందు పెట్టాలి. పిల్లల్ని సైన్యానికి పంపిన ఇళ్లకు ఆ మాత్రం అడిగే హక్కుంది.

— ఒక పాఠకుడు, ఉయ్యాలవాడ, నంద్యాల జిల్లా