ఊరికి ఫైబర్ వచ్చింది.. రేషన్ మిషన్‌కు సిగ్నల్ ఎందుకు లేదు?

"మిషన్ పట్టుకుంటలేదట బిడ్డా, రేపు రమ్మన్నడు."

మీరు హైదరాబాద్‌లో ఆఫీసులో ఉండగా దేవరకొండ పక్క తండా నుంచో, కొడంగల్ దగ్గరి ఊరి నుంచో అమ్మ ఇలా ఫోన్ చేసి ఉంటే, విషయం మీకు వెంటనే అర్థమయ్యే ఉంటుంది. కంట్రోల్ దుకాణంలో బియ్యం ఉన్నాయి. డీలర్ ఉన్నాడు. కార్డూ ఉంది. లేనిదల్లా నెట్‌వర్క్. వేలిముద్ర వివరాలు సర్వర్ దాకా వెళ్లి తిరిగి రాలేదు కాబట్టి సంచి ఖాళీగా ఇంటికొచ్చింది.

విచిత్రం ఏంటంటే, అదే ఊరు ప్రభుత్వ లెక్కల్లో ఫైబర్ అందిన గ్రామ పంచాయతీగా ఉండొచ్చు. రెండూ ఒకేసారి నిజం కావడం ఎలా సాధ్యం? పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇది బాగా కనిపిస్తుంది. మీ ఊరి పరిస్థితి మీరే తెలుసుకోవడానికి ఇదంతా ఎలా పనిచేస్తుందో చూద్దాం.

నీళ్ల పైపు పక్కనే ఇంటర్నెట్ తీగ

2015 జూన్ 8న చౌటుప్పల్‌లో తెలంగాణ వాటర్ గ్రిడ్ పైలాన్‌ను ఆవిష్కరించారు. తర్వాత మిషన్ భగీరథగా మారిన పథకం ఇదే. ఫ్లోరైడ్ నీళ్లతో తరతరాలుగా ఎముకలు వంగిపోయిన నల్గొండకు కృష్ణా నీళ్లు తేవడం అప్పటి పెద్ద లక్ష్యాల్లో ఒకటి.

ఆ పైపుల కోసం ఎలాగూ కందకాలు తవ్వుతున్నారు. ఫైబర్ వేయడంలో ఎక్కువ ఖర్చు తీగకు కాదు, తవ్వకానికి. అందుకే అదే కందకంలో ఫైబర్ గొట్టం కూడా వేయాలని రాష్ట్రం నిర్ణయించింది. 2015లోనే తెలంగాణ ఫైబర్ గ్రిడ్ కార్పొరేషన్ ఏర్పడింది. మనం టీ-ఫైబర్ అంటున్నది దీన్నే.

కేంద్రం వైపు నుంచి భారత్‌నెట్ ఉంది. 2011 అక్టోబరులో నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో ఆమోదం పొంది, 2015లో ఈ పేరు తెచ్చుకుంది. 2017లో మొదలైన రెండో దశలో తెలంగాణ పని రాష్ట్రం చేతికే వచ్చింది. అంటే మన ఊళ్ల దాకా ఫైబర్ తెచ్చే బాధ్యత టీ-ఫైబర్‌దే.

ఆంధ్రప్రదేశ్ వేరే దారి ఎంచుకుంది. తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ ఇస్తామన్నారు. ఇంటి దాకా తీగ లాగే పని స్థానిక కేబుల్ ఆపరేటర్లకు అప్పగించారు. స్తంభాల మీది తీగ త్వరగా పడుతుంది, కానీ గాలివానకు తెగే ప్రమాదం ఎక్కువ. భూమిలోది గాలివానను తట్టుకుంటుంది, కానీ జేసీబీకి దొరికిపోతుంది.

'ఫైబర్ అందింది' అంటే ఎక్కడి దాకా?

అసలు తిరకాసు ఇక్కడుంది. భారత్‌నెట్ లెక్క ఇళ్లది కాదు, గ్రామ పంచాయతీలది. పంచాయతీ ఆఫీసులో ఓ చిన్న పెట్టె బిగించి లైటు వెలిగితే ఆ పంచాయతీ లెక్కలోకి వచ్చేస్తుంది.

ఆ పెట్టెకు కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీ కావాలి. ఆఫీసు తాళం తీసేవాళ్లుండాలి. అక్కడి నుంచి బడికి, అంగన్‌వాడీకి, ఆరోగ్య ఉపకేంద్రానికి, రేషన్ దుకాణానికి మళ్లీ తీగ లాగాలి. నెలనెలా బిల్లు కట్టాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా లెక్కల్లో కనెక్షన్ ఉంటుంది, ఊళ్లో ఉండదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు వేరే పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,700 దాటింది. దేవరకొండ ప్రాంతంలో ఇలా పంచాయతీలైన తండాలు చాలా ఉన్నాయి. పాత పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన తీగ, కొత్త పంచాయతీ అయిన తండాకు దానంతట అది నడిచిరాదు. దానికి మళ్లీ తవ్వాలి, మళ్లీ నిధులు కావాలి.

ప్రభుత్వ సేవలు నడుస్తున్నది దేని మీద?

ఇప్పుడు రెండో సగం చూడండి. మీ అమ్మానాన్నలకు రోజూ అవసరమయ్యే సేవల్లో ఎక్కువ భాగం ఆ ఫైబర్ మీద నడవడం లేదు. మొబైల్ సిగ్నల్ మీద నడుస్తున్నాయి.

రేషన్ దుకాణంలోని ఈ-పాస్ మిషన్‌లో ఉండేది సిమ్. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం పథకం మొదలైంది. అదే ఏడాది జూన్‌లో వానలకు ముందు మూడు నెలల కోటా ఒకేసారి ఇచ్చారు. బియ్యం బాగుంటే దుకాణం ముందు వరుస పెరుగుతుంది. వరుస పెరిగితే మిషన్ ఆగిన ప్రతి అరగంట బరువూ పెరుగుతుంది.

ఉపాధి హామీ పనుల్లో రోజుకు రెండు ఫొటోలతో యాప్‌లో హాజరు వేయడం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. ఫొటో తీసి తర్వాత పంపే వీలున్నా, దానికోసం సిగ్నల్ దొరికే చోటికి ఎవరో ఒకరు వెళ్లాలి. వలసలకు పేరుపడ్డ పాలమూరులో ఆ హాజరు పడకపోతే పోయేది ఒక రోజు కూలి.

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటలకు వెళ్తే, చాలాచోట్ల సిగ్నలే అందదు. ఇలాంటి చోట్ల 4జీ టవర్లు పెట్టడానికి కేంద్రం 2022 జులైలో 26,316 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. దేశంలో 24,680 ఊళ్లు దాని లక్ష్యం.

అంటే సేవలను నెట్‌వర్క్‌కు కట్టేయడం ఒక వేగంతో జరిగింది. నెట్‌వర్క్‌ను ఊరికి చేర్చడం ఇంకో వేగంతో జరుగుతోంది. ఈ రెంటి మధ్య ఖాళీలో నిలబడి ఉన్నది రేపు రమ్మని వెనక్కి పంపిన మీ అమ్మ.

మద్దూరులో ఏం ప్రయత్నిస్తున్నారు?

2024 డిసెంబరు 8న టీ-ఫైబర్ ఇళ్లకు ఇచ్చే సేవలను ప్రయోగాత్మకంగా నాలుగు చోట్ల మొదలుపెట్టారు. నారాయణపేట జిల్లా మద్దూరు, రంగారెడ్డి జిల్లా హాజీపల్లి, సంగారెడ్డి జిల్లా సంగుపేట, పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్. నెలకు 300 రూపాయలకు 20 ఎంబీపీఎస్ వేగం, కేబుల్ టీవీ, టీవీనే కంప్యూటర్‌లా వాడుకునే సదుపాయం ఇస్తామని ప్రకటించారు.

మద్దూరుకు ఇంకో ప్రత్యేకత ఉంది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతిని కూడా మొదట ప్రయోగించిన నాలుగు మండలాల్లో అది ఒకటి. భూమి రికార్డు, ఇంటర్నెట్ తీగ రెండూ ఒకేచోట పరీక్షకు నిలిచాయి. అక్కడ చూడాల్సింది వేగం ఒక్కటే కాదు. తీగ తెగిన రోజు ఎన్ని గంటల్లో అతుకుతున్నారు, ఎవరికి ఫోన్ చేస్తే మనిషి వస్తున్నాడు అనేదే అసలు ప్రశ్న.

ఆగిపోతే ఎవరిది బాధ్యత?

ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల ప్రకారం, ఒక జిల్లాలో నెట్‌వర్క్ 24 గంటలకు మించి నిలిచిపోతే అక్కడి పోస్ట్‌పెయిడ్ వినియోగదారులకు అద్దెలో తగ్గింపు ఇవ్వాలి. ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగించాలి. ప్రీపెయిడ్ నిబంధన 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

'జిల్లా' అనే మాటను గమనించారా? మీ ఊరి టవర్ ఒక్కటే వారం రోజులు ఆగినా ఈ పరిహారం వర్తించదు. సగటు నాణ్యత లెక్కలు ఇంకా పెద్ద స్థాయిలో ఉంటాయి. టెలికాం పరంగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్. ఆ సర్కిల్ సగటులో మాదాపూర్, విశాఖపట్నం సిగ్నళ్లతో కలిసిపోయాక మన్ననూరు సిగ్నల్ కనిపించదు.

ఫైబర్ సంగతికొస్తే, 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన భారత్‌నెట్‌ను ఆమోదించింది. అందులో రెండు విషయాలు మనకు ముఖ్యం. మొదటిది, పంచాయతీలను రింగులా కలపడం. ఒకవైపు తెగితే ఇంకోవైపు నుంచి డేటా వస్తుంది. రెండోది, పంచాయతీ కేంద్రం కాని ఊళ్లకు కూడా అడిగితే కనెక్షన్ ఇవ్వడం. పదేళ్ల నిర్వహణ కూడా ఈ పథకంలో భాగమే.

రోడ్డు వెడల్పు పనుల్లో తీగలు తెగకుండా, తవ్వేముందు సమాచారం ఇచ్చేందుకు 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చారు. కానీ ఊళ్లో జేసీబీ డ్రైవర్‌కు ఆ సంగతి చెప్పేవాళ్లు ఉండాలి కదా.

ఫిన్లాండ్ 2010 జులై 1 నుంచి ప్రతి పౌరుడికీ 1 ఎంబీపీఎస్ కనెక్షన్‌ను చట్టబద్ధ హక్కు చేసింది. ఆ వేగం ఈరోజు చాలా తక్కువ. కానీ ఇవ్వాల్సిన కంపెనీ ఏదో అక్కడ ముందే నిర్ణయించారు. మన దగ్గర డబ్బుంది, పథకం ఉంది. ఫలానా ఊళ్లో తీగ పనిచేయకపోతే జవాబు చెప్పాల్సింది ఫలానా వారని ఆ ఊరి గోడ మీద రాసి లేదు.

నెట్‌వర్క్ లేదని బియ్యం ఆపొచ్చా?

ఆపకూడదు. 2017 అక్టోబరు 24న ఆధార్ సంస్థ ఇచ్చిన సర్క్యులర్‌లో ఈ సంగతి ఉంది. వేలిముద్ర పడకపోయినా, నెట్‌వర్క్ లేకపోయినా అర్హులకు సరుకు నిరాకరించకూడదు. కార్డు చూసి, వివరాలు మినహాయింపు రిజిస్టర్‌లో రాసి ఇవ్వాలి.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు ఆన్‌లైన్ గుర్తింపు ప్రక్రియలో పడుతున్న ఇబ్బందులపై వచ్చిన కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. గ్రామీణ ప్రాంతాల వారు వెనకబడిపోతున్న సంగతినీ ప్రస్తావించింది.

కాగితం మీద హక్కుంది. అయితే దుకాణం ముందు నిలబడ్డ డెబ్భై ఏళ్ల మనిషికి ఆ సర్క్యులర్ సంగతి తెలియదు. డీలర్‌కూ భయమే, మిషన్‌లో నమోదు కాని బియ్యం లెక్క తన మెడకు చుట్టుకుంటుందని. అందుకే 'రేపు రా' అనేది ఇద్దరికీ సులువైన మాట అయిపోయింది.

మీరు ఏం చేయొచ్చు?

తెలంగాణలో రేషన్ పోర్టబిలిటీ ఉంది. మీ అమ్మానాన్నలు పక్క ఊరి దుకాణంలో తీసుకోవచ్చు. మీ దగ్గరికి వచ్చినప్పుడు హైదరాబాద్‌లోనూ తీసుకోవచ్చు. ఊళ్లో మిషన్ ఆగితే, మినహాయింపు రిజిస్టర్‌లో రాయమని అడగమనండి. కుదరకపోతే 1967 నంబరుకు ఫిర్యాదు చేయొచ్చు. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇస్తే రశీదు వస్తుంది. ఆ రశీదు దాచుకోండి.

దాదాపు రెండేళ్ల ప్రత్యేకాధికారుల పాలన తర్వాత, 2025 డిసెంబరు ఎన్నికలతో పంచాయతీల్లో మళ్లీ సర్పంచులు వచ్చారు. ఈసారి ఊరెళ్లినప్పుడు గ్రామసభలో ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. పంచాయతీ ఆఫీసులో ఫైబర్ పెట్టె ఉందా, లైటు వెలుగుతోందా? దాని బిల్లు ఎవరు కడుతున్నారు? అక్కడి నుంచి బడికి, రేషన్ దుకాణానికి తీగ ఉందా? తెగితే ఫోన్ చేయాల్సిన నంబరు ఏది?

మీ ఊరు కొత్త పంచాయతీ అయితే, లేదా పంచాయతీ కేంద్రం కాకపోతే, కనెక్షన్ కోరుతూ తీర్మానం చేయించండి. 'అడిగితే ఇస్తాం' అనే పథకంలో అడిగిన కాగితమే మొదటి మెట్టు.

చౌటుప్పల్‌లో పైలాన్ పెట్టి పదేళ్లు దాటింది. నీళ్ల విషయంలో ఊళ్లు ఒక సంగతి నేర్చుకున్నాయి. ట్యాంకు కట్టినంత మాత్రాన నల్లాలో నీళ్లు వచ్చినట్టు కాదు, బిందె నిండితేనే వచ్చినట్టు. ఇంటర్నెట్‌కూ అదే కొలత పెట్టాలి. పంచాయతీ ఆఫీసులో లైటు వెలిగిందా అని కాదు, అమ్మ సంచి నిండిందా అని అడగాలి.