పానా పడితే పాత ఎజ్డీ బరువు కాదు

మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. అయినా అక్కడ తయారైన 250 సీసీ ఎజ్డీ మోటారు సైకిళ్లు నేటికీ అక్కడక్కడా పరుగు తీస్తూనే ఉన్నాయి. కిక్కు రాడ్డే గేరు రాడ్డు కావడం, ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు ఉండడం వీటి ప్రత్యేకత.

పాత బండి ఉంచుకోవడం ఏనుగును మేపడమేనని కొందరి మాట. అందులో సగమే నిజం. చాలా ఖర్చు యజమాని అశ్రద్ధ వల్ల వచ్చేదే. పెట్రోలులో ఆయిలు కంపెనీ చెప్పిన పాళ్లలోనే కలపాలి. తగ్గితే పిస్టన్ పట్టేసి బోరు పని పడుతుంది. పెరిగితే పొగ కమ్మి ప్లగ్గు, సైలెన్సర్లు మసిబారుతాయి. ప్లగ్గు తుడవడం, పాయింట్ల గ్యాపు సరిచూడడం, సైలెన్సర్ల మసి గీకడం, చైను బిగించడం - ఈ నాలుగు పనులకు ఓ పానాల సెట్టు, ఓ ఆదివారం పూట చాలు.

అయితే పొదుపు పేరిట బ్రేకుల దగ్గర పిసినారితనం తగదు. బోరు, క్రాంకు పనులు అనుభవమున్న మేస్త్రీకే అప్పగించాలి. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను రెన్యువల్ మరువరాదు.

పాత మేస్త్రీల చేతి విద్య వారితోనే అంతరించక ముందే గ్రామ యువకులు నేర్చుకోవాలి. ఐ.టి.ఐ.లు సెలవు దినాల్లో ఈ శిక్షణ ఇస్తే రైతు ఇంట ఖర్చు తగ్గుతుంది, నలుగురికి ఉపాధీ దొరుకుతుంది. అధికారులు ఆలోచించాలి.