ఫీజు మన హక్కు! సర్టిఫికెట్ మన సొత్తు!

సాలూరు పట్టణ, మండల ప్రజలారా! పాచిపెంట, మక్కువ మండలాల విద్యార్థులారా! తల్లిదండ్రులారా!

"ప్రభుత్వం డబ్బు పడలేదు, మీరే కట్టండి. కట్టాకే హాల్ టికెట్, కట్టాకే టీసీ." కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర ఈ మాట విని తల దించుకుని వచ్చిన వాళ్లు మనలో ఎంతమందో! లారీ స్టీరింగ్ పట్టే నాన్న అడ్వాన్సు తెచ్చి కడతాడు. కొండ మీద జీడిపిక్కలు అమ్ముకునే అమ్మ పుస్తెలు కుదువ పెడుతుంది. రెండూ కుదరని ఇంట్లో పిల్ల చదువు మానేస్తుంది.

సాలూరు లారీ దేశమంతా తిరిగొస్తోంది. మన పిల్లల స్కాలర్‌షిప్ ఫైలు మాత్రం పార్వతీపురం దాటనంటోంది!

ఈ స్కాలర్‌షిప్ ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. ఎస్సీలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ స్వాతంత్ర్యానికి ముందే, 1944లో మొదలైంది. ఎస్సీ, ఎస్టీల చదువును ప్రత్యేక శ్రద్ధతో చూడాలని రాజ్యాంగం 46వ అధికరణ ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది. ఈ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా ఎస్టీలకు 75 శాతం, ఎస్సీలకు 60 శాతం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారుతోంది, డబ్బు వేసే ఖాతా మారుతోంది. మన హక్కు మారదు.

ఏ సాయం ఎవరికి?

★ ఫీజు రీయింబర్స్‌మెంట్: ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉన్నవారికి. హాజరు 75 శాతానికి తగ్గకూడదు. దరఖాస్తు కాలేజీ ద్వారా జ్ఞానభూమి పోర్టల్‌లో వెళ్తుంది.

★ కేంద్ర ప్రతిభా స్కాలర్‌షిప్: ఇంటర్‌లో బోర్డు స్థాయిలో తమ గ్రూపులో పై 20 శాతంలో నిలిచి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే డిగ్రీలో ఏడాదికి రూ.12,000. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మనమే దరఖాస్తు చేసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటే ఇది రాదు. రెండున్నర లక్షలు దాటిందని అక్కడ కాదనిపించుకున్నవారు ఇక్కడ ప్రయత్నించండి.

★ ప్రగతి: ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ లాంటి సాంకేతిక కోర్సుల్లో చేరిన ఆడపిల్లలకు ఏడాదికి రూ.50,000. ఆదాయ పరిమితి 8 లక్షలు. ఇంటికి ఇద్దరి వరకు ఇస్తారు. దివ్యాంగులకు ఇలాంటిదే 'సక్షమ్' ఉంది.

★ పీఎం విద్యాలక్ష్మి: 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన విద్యా రుణం. హామీదారు, తాకట్టు అక్కర్లేదు. ఎంపిక చేసిన మేటి సంస్థల్లో సీటు వస్తేనే వర్తిస్తుంది. ఇది అప్పు, తిరిగి కట్టాలి. ముందు స్కాలర్‌షిప్‌లు చూసుకుని ఆ తర్వాతే దీని జోలికి వెళ్లండి.

డబ్బు ఎక్కడ ఆగుతోంది?

ఆధార్‌లో లచ్చుమమ్మ, టెన్త్ మార్కుల లిస్టులో లక్ష్మి. మనిషి ఒక్కరే, కంప్యూటర్‌కి ఇద్దరు. బ్యాంకు ఖాతా ఉంటుంది, ఆధార్‌తో లింకు ఉండదు. ఆదాయ ధ్రువపత్రం కోసం సచివాలయానికి తిరిగేలోగా గడువు దాటిపోతుంది. కొండ ఊళ్లో సిగ్నల్ లేక వేలిముద్ర పడదు. వీటిలో ఒక్కటి తప్పినా ఏడాది చదువు గాలిలోనే.

అందుకే దసరా వరకు ఆగకండి. కాలేజీలో చేరిన వారంలోనే ఆధార్, కుల, ఆదాయ పత్రాలు, బ్యాంకు లింకు సరిచూసుకోండి. దరఖాస్తు నంబరు రాసి దాచుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి.

ఒరిజినల్స్ ఇచ్చేయకండి!

కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశించింది. ప్రభుత్వం బాకీ పడితే ప్రభుత్వాన్ని అడగాలి గానీ, పిల్లల సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకోవడం ఏం న్యాయం?

మా డిమాండ్లు:

1. ఫీజు బకాయిలు వెంటనే విడుదల చేయాలి. ఇకపై ఏ సెమిస్టర్ డబ్బు ఆ సెమిస్టర్‌లోనే ఇవ్వాలి.
2. బకాయి పేరుతో హాల్ టికెట్, టీసీ, సర్టిఫికెట్ ఆపే కాలేజీలపై చర్య తీసుకోవాలి.
3. ఆధార్ సవరణ, ధ్రువపత్రాలు, బ్యాంకు లింకు ఒకేచోట జరిగేలా ప్రతి మండలంలో, కొండ పంచాయతీల్లో శిబిరాలు పెట్టాలి.
4. ఎవరి దరఖాస్తు ఎందుకు ఆగిందో కాలేజీ నోటీసు బోర్డులో తెలుగులో అంటించాలి.

ఒక్కడు వెళ్తే "రేపు రా బాబూ" అంటారు. వందమందిమి వెళ్తే కుర్చీ వేసి కూర్చోబెడతారు. ప్రతి సోమవారం పార్వతీపురం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతోంది. వచ్చే సోమవారం ఉదయం సాలూరు బస్టాండ్‌లో కలుసుకుందాం. దరఖాస్తు నంబరు, ఆధార్ నకలు, కాలేజీ రసీదులు వెంట తెచ్చుకోండి. ఎవరి అర్జీ వాళ్లు రాసుకుందాం, అందరం కలిసి ఇద్దాం, అర్జీ నంబరు తీసుకునే వెనక్కి వద్దాం.

చదివిన వాళ్లు చదవలేని అమ్మానాన్నలకు ఈ కరపత్రం చదివి వినిపించండి. కదలిరండి!

ఇట్లు,
సాలూరు ప్రాంత విద్యార్థులు, తల్లిదండ్రులు